నాలుక చెప్పని మాట

(పదకొండో వారం)

కిందటి వారం ఒర్మొన్‌ని పెరట్లో నిలబెట్టి, నాలుక బయటపెట్టించి మరీ వదిలేశాం. డెబ్భైకి దగ్గరపడ్డ పెద్దమనిషిని అలా వదిలేయడం మర్యాద కాదు, ఒప్పుకుంటాను. కానీ ఇవాళ అతనికి జరగబోయేదాంతో పోలిస్తే అది మర్యాద కిందే లెక్క.

మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఒర్మొన్ ఆ కొండలోయలో పేరుమోసిన సాయప్‌కెర్. గుర్రాన్ని దూరపు పందేనికి సిద్ధం చేయడం అతని వృత్తి, అడిగినవాళ్లకి ఆ విద్య నేర్పడం అతని గొప్ప. వసంతంలో జరిగిన పందెంలో అతను సిద్ధం చేసిన నల్లగుర్రం కరా, ఇంకా రెండు కిలోమీటర్లుందనగా పరిగెడుతూ పరిగెడుతూనే కూలి చచ్చిపోయింది. దానిమీదున్న పంతొమ్మిదేళ్ల తిలెక్ నడుం విరిగి మంచాన పడ్డాడు. చివరి మలుపులో అతను మూడుసార్లు కొరడా ఝళిపించడం జనమంతా చూశారు కాబట్టి, గుర్రాన్ని కుర్రాడే చంపాడని లోయ లోయంతా తేల్చేసింది. వేసవిలో తిలెక్ అక్క బురుల్చా బడిలో లెక్కలు చెప్పే ఉద్యోగానికి సెలవు పెట్టేసి వచ్చి, ఒర్మొన్ దగ్గర శిష్యురాలిగా చేరింది. ముప్పై రెండేళ్ల ఆడమనిషికి ఇప్పుడీ గుర్రాల పిచ్చేమిటని ఊరు నవ్వుకుంది.

రేపు పొద్దున శరత్కాలపు పందెం. ఎర్రగుర్రం జేర్దె పరిగెత్తాలి. నిన్న దాని చెమట నాలుక మీద వేసుకుని, యజమాని షర్షెన్ ఎదుట ఒర్మొన్ "పదునుకొచ్చింది" అని మాట ఇచ్చేశాడు. ఇవాళ పొద్దున ఆఖరి పరుగు తర్వాత బురుల్చా చెమట గీకే చెక్క తెచ్చి అతని ముందు పెట్టింది. ఒర్మొన్ నాలుక తాకించి, "నీళ్లు, శుద్ధమైన నీళ్లు" అన్నాడు. ఆమె నవ్వలేదు. అక్కడ ఆపాం.

"ఇంకోసారి చూడండి ఉస్తాద్," అంది బురుల్చా.

"ఒకసారి చూశాగా. ఒర్మొన్ రెండోసారి నాలుక పెట్టడం ఈ లోయలో ఎవరైనా చూశారా?"

"లేదు. అందుకే అడుగుతున్నా. నేర్చుకునేదాన్ని కదా."

నేర్చుకునేదాన్ని అన్న మాటకి ఒర్మొన్ ఎప్పుడూ లొంగిపోతాడు. అతని బలహీనత అది. చెక్క అందుకుని, ఈసారి కాస్త ఎక్కువే నాకి, కళ్లు మూసుకుని, తాతముత్తాతలందరూ తన నాలుక మీద కూర్చుని ఉన్నట్టు కాసేపు తల ఊపాడు. తర్వాత కళ్లు తెరిచి, "ఊటనీళ్లు. వేలికి అంటినంత ఉప్పు. అంతకంటే పదును ఏ గుర్రానికీ రాదు. రాసుకో," అన్నాడు.

"వేలికి అంటినంత కాదు ఉస్తాద్. రెండు గుప్పిళ్లు."

"ఏమిటి?"

"ఇది జేర్దె చెమట కాదు. గొర్రెలకి వేసే రాళ్ల ఉప్పు చెంబుడు నీళ్లలో కరిగించి, చెక్క దాంట్లో ముంచి తెచ్చాను. నేను నాలుక చివర తాకించుకుని మూడుసార్లు పుక్కిలించాను."

కట్టుకొయ్య దగ్గర జేర్దె గొంగళ్ల కింద ఆవిర్లు కక్కుతూ, ఒక కాలు మడిచి, తన సంగతి కాదన్నట్టు నిలబడి ఉంది. ఒర్మొన్ దానివైపు చూశాడు. బురుల్చా మొహం చూడటం కంటే అది తేలిక.

కొత్త పాఠకులకి ఈ చెమట గొడవ ఏమిటో చెప్పకపోతే అన్యాయం. పచ్చికలో మేసి బలిసిన గుర్రాన్ని పట్టుకొచ్చి, గొంగళ్లు కప్పి, రోజు విడిచి రోజు పరిగెత్తించి చెమట తీస్తారు. మొదటి చెమట జిగురుగా, కారంగా, ఉప్పు కషాయంలా ఉంటుంది. తీసేకొద్దీ పలచబడుతుంది. గుండె చుట్టూ ఉన్న కొవ్వంతా కరిగిపోయాక వచ్చే చెమట నీళ్లలా ఉంటుంది. ఆ నీళ్లు వచ్చేదాకా గుర్రాన్ని దూరపు పందేనికి వదలకూడదు. వదిలితే కొవ్వు గుండెని పట్టేస్తుంది. ఎప్పుడు వదలాలో కన్ను కొంత చెప్తుంది, చెయ్యి కొంత చెప్తుంది, చివరి మాట మాత్రం నాలుకది. ఒర్మొన్ తండ్రి ఆ నాలుక పాడవుతుందని జీవితంలో ఉల్లిపాయ ముట్టలేదు.

"గురువుకే పరీక్ష పెడతావా నువ్వు?" అన్నాడు ఒర్మొన్. గొంతు పెంచాడు. "నలభై ఏళ్లలో నా పెరట్లో ఇంత మాట అన్నవాళ్లు లేరు. ఉప్పునీళ్లు అని నాకు తెలీదనుకున్నావా? నువ్వేం చేస్తావో చూద్దామని ఊరుకున్నా."

"సరే. పోయిన నెల వెన్న సంగతి కూడా అందుకే ఊరుకున్నారా?"

"ఏ వెన్న?"

"ముక్కిపోయిన వెన్న. కుక్క వాసన చూసి పక్కకి పోయింది. మీరు రొట్టెకి రాసుకుని మూడు ముక్కలు తిన్నారు. బాగుంది, ఎక్కడిదీ అని కూడా అడిగారు. ఆ రోజు నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. ఆ తర్వాత మన ఉప్పుటీలో ఉప్పే మానేశాను. వారం చూశాను. మళ్లీ వేశాను, ఎక్కువేశాను. మీరు ఏ మాటా అనలేదు. మా ఇంటి టీ మీకెప్పుడూ నచ్చేది కాదు, గుర్తుందా? మా అమ్మ బతికున్నప్పుడు ఉప్పు తక్కువైందని కప్పు వెనక్కి పంపేవారు."

ఒర్మొన్ ఏదో ఒక హాస్యం ఆడి తప్పించుకుందామని చూశాడు. అతనికి అది అలవాటు, లోయలో పెళ్లిళ్లకి అతన్ని పిలిచేది సగం దానికోసమే. దానికి బదులు వెళ్లి మేత తొట్టి అంచు మీద కూర్చున్నాడు. ఉన్ని టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"చలికాలం జ్వరమొచ్చింది," అన్నాడు. "మూడు వారాలు పడుకున్నా. లేచి రొట్టె కొరికితే గొంగడి కొరికినట్టుంది. వాసన లేదు, రుచి లేదు. వస్తుందిలే అనుకున్నా. అందరికీ వచ్చిందన్నారు. నాకు రాలేదు."

"ఎవరికీ చెప్పలేదు."

"ఎవరికి చెప్పను? వంటవాడికి రుచి పోతే వేరే పని చేసుకుంటాడు. నాకేం పని వచ్చు? నాకున్నదే ఆ ఒక్క నాలుక. దానికోసమే మూడు లోయల అవతల్నించి గుర్రాలు తోలుకొస్తారు. దానికోసమే నీలాంటివాళ్లు నా దగ్గర కూర్చుంటారు."

"నేను దానికోసం రాలేదు."

"తెలుసు. ఇప్పుడు తెలిసింది." అతను టోపీని ఒకసారి తిప్పాడు. "మిగతావన్నీ బాగానే ఉన్నాయమ్మాయ్. పేడ చూస్తే తెలుస్తుంది. పక్కటెముకల మీద వేలు పెడితే తెలుస్తుంది. చెమట తెల్లగా నురగ కడుతోందా, నీళ్లలా జారుతోందా కంటికే కనిపిస్తుంది. తొంభై పాళ్లు కన్నే చెప్పేస్తుంది. నాలుక పెట్టడం నలుగురి కోసం."

"మరి కరా?"

ఒర్మొన్ టోపీలో ఉన్ని పోగులు పీకడం మొదలుపెట్టాడు. ఆమె అడగడం మానలేదు. లెక్కల టీచరు కదా, తరగతి చివరి బెంచీలో కూర్చున్నవాణ్ణి లేపి నిలబెట్టే గొంతు అది.

"కరా సంగతి చెప్పండి."

"ఆరోజు తుంపర పడింది," అన్నాడతను.

"అయితే?"

"చెమటా వానా కలిసిపోయి ఒళ్లంతా ఒకటే తడి. నురగ ఉంటే కడుక్కుపోయింది. కంటికేం తెలీలేదు. అలాంటి రోజు నాలుకే చెప్పాలి."

"నాలుక ఏం చెప్పింది?"

"ఏం చెప్తుంది? ఏమీ చెప్పలేదు."

"మీరేం చెప్పారు?"

ఒర్మొన్ ఎదుట ఆ రోజు కళ్లకి కట్టినట్టు నిలబడింది. తడిసిన జీను, చుట్టూ పదిమంది, అందరి కళ్లూ తన నోటి మీదే. జీను పట్టీ బిగిస్తూ తిలెక్ వెనక్కి తిరిగి, ఏమంటారు ఆబా, పెద్దాయనా, అన్నట్టు చూశాడు. ఇంకో రెండు చెమటలు తీద్దాం, ఈ పందెం వదిలేద్దాం అని ఒక్క మాట అంటే సరిపోయేది. అప్పుడు ఎవరో ఒకరు ఎందుకని అడిగేవారు. అడుగుతారనే భయం అతని చేత వేరే మాట అనిపించింది.

"పదునుకొచ్చింది అన్నాను," అన్నాడు.

బురుల్చా చెక్కని గోడకి ఆనించింది. చేతులు పైటచెంగుకి తుడుచుకున్నట్టు తన కోటు అంచుకి తుడుచుకుంది. మాట్లాడినప్పుడు ఆమె గొంతులోంచి మీరు పోయి నువ్వు వచ్చేసింది. ఆ లోయలో తండ్రి వయసువాణ్ణి అలా పిలిస్తే చెంప పగలగొడతారు. ఒర్మొన్‌కి తన చెంపే పగిలినట్టయింది.

"ఆస్పత్రిలో వాడు నీ చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. నేను అక్కడే ఉన్నా. కాళ్లు రావని డాక్టరు చెప్పి అప్పటికి గంట కూడా కాలేదు. వాడు కాళ్ల కోసం ఏడవలేదు. మీ గుర్రాన్ని చంపేశా ఆబా, కొరడా వేయకుండా ఉండాల్సింది, నన్ను క్షమించండి అని ఏడ్చాడు. నువ్వేం చేశావు?"

"బురుల్చా..."

"వాడి నెత్తిమీద చెయ్యి పెట్టి 'కెచ్తిమ్' అన్నావు. క్షమించాను అన్నావు. బయటికొస్తే అందరూ నీ భుజం తట్టారు. ఎంత పెద్ద మనసు అన్నారు. తప్పు నీది పెట్టుకుని, వాడికి క్షమాపణ దానం చేసి వచ్చావు."

అలా చెప్తే వినడానికి ఘోరంగా ఉంది. ఒర్మొన్‌కి అది అప్పుడూ ఘోరంగానే అనిపించింది, ఇంటికి పోయి రెండు రోజులు అన్నం ముట్టలేదు కూడా. మూడో రోజు ముట్టాడు. ఆ సంగతి దాచిపెట్టి అతన్ని మంచివాణ్ణి చేయడం నా వల్ల కాదు.

"సరే," అన్నాడతను లేస్తూ. "జేర్దెని ఆపేద్దాం. షర్షెన్ మధ్యాహ్నం లారీ తెస్తాడు. గుర్రం పదునులో లేదని..."

"షర్షెన్‌కి తర్వాత చెప్దువుగాని. ఇంకా నాలుగ్గంటలుంది. ముందు వాడికి చెప్పు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకో."

"ఏ మాట?"

"క్షమించాను అన్న మాట. అది నీది కాదు ఇవ్వడానికి."

* * *

తిలెక్ వాళ్ల ఇల్లు ఊరికి అవతలి చివర, వంతెన దగ్గర. అరగంట నడక. ఎదురుపడ్డవాళ్లంతా ఒర్మొన్‌కి చేయి గుండెకానించి దండం పెట్టారు. ఒకడు, "ఆబా, జేర్దె మీద నమ్మకమేనా?" అని అడిగాడు. ఒర్మొన్ చెయ్యి ఊపి ముందుకి పోయాడు. అదీ ఒక జవాబేనని వాడు సంతోషపడిపోయాడు.

గుమ్మం దగ్గర బురుల్చా ఆగిపోయింది. "నేను లోపలికి రాను. నేనుంటే నా మొహం చూసి చెప్పావనుకుంటాడు."

లోపల తిలెక్ కిటికీ పక్కన మంచంలో, దూలానికి కట్టిన తాడు పట్టుకుని లేచి కూర్చుని, తోలు పట్టీలు అల్లుతున్నాడు. కళ్లేలు, తలతాళ్లు అల్లుతాడు. కొరడాలు మాత్రం ఎవరడిగినా అల్లడు. ఒర్మొన్‌ని చూడగానే మొహం వెలిగిపోయింది.

"ఆబా, రండి రండి. పైన కూర్చోండి. టీ ఉంది, ఫ్లాస్కులో వేడిగా ఉంది. మీరే వంపుకోవాలి, ఏమనుకోకండి."

"టీ వద్దురా. ఒక మాట చెప్పడానికొచ్చా."

"నా దగ్గరా ఒకటుంది. వింటే ఎగిరి గంతేస్తారు. ముందు మీరు చెప్పండి."

ఒర్మొన్ చెప్పాడు. ఈ వయసులో మనిషి ఇంత సూటిగా మాట్లాడగలడని అతనికే తెలీదు. జ్వరం, గొంగడి రొట్టె, తుంపర, తడిసిన గుర్రం, నలుగురి ముందు భయం, అన్నీ వరసగా చెప్పాడు. కరా గుండె కొరడా వల్ల ఆగలేదని, దాని గుండె చుట్టూ కొవ్వు ఉండగానే తను వదిలేశానని చెప్పాడు. చివర్న, "ఆస్పత్రిలో నీకిచ్చిన మాట వెనక్కి తీసుకుంటున్నా. నేను క్షమించడానికి నువ్వు చేసిన తప్పేం లేదు. చేసింది నేను," అన్నాడు.

తిలెక్ చేతిలో పట్టీ జారి దుప్పటి మీద పడింది. మొహం తెల్లబోయింది.

"అలా అనకండి ఆబా. ఆ మాట వెనక్కి తీసుకోకండి. నాకు నిద్రపడుతోందంటే ఆ ఒక్క మాట వల్లే."

"అది కాదురా నేను చెప్పేది. నీ తప్పు లేదంటున్నా."

మెల్లగా, చాలా మెల్లగా తిలెక్ కళ్లలోకి నీళ్లొచ్చాయి. ఆ నీళ్ల వెనక ఒక నవ్వు వచ్చింది. ఆ నవ్వు ఏమిటో ఒర్మొన్‌కి ముందే అర్థమైంది.

"అక్క చెప్పమందా?" అన్నాడు తిలెక్.

"అక్క చెప్పమంది. అయినా నిజం."

"నాకు తెలుసు. వేసవి నుంచీ దాని పోరు అదే. నీ తప్పు కాదురా, వేరే ఏదో ఉందిరా అంటూనే ఉంది. ఆఖరికి మిమ్మల్ని కూడా ఒప్పించిందన్నమాట." అతను ఒర్మొన్ చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకున్నాడు. "మీది పెద్ద మనసని అందరూ అంటారు. ఇంతని నాకు తెలీదు. ఏ సాయప్‌కెరైనా ప్రాణం ఇస్తాడేమోగాని, నాలుక పోయిందని తన నోటితో తను చెప్పుకుంటాడా? నా కోసం మీరు అదీ చెప్పుకున్నారు."

"నీ కోసం కాదురా, నిజంగానే పోయింది."

"మూడుసార్లు కొట్టాను ఆబా. కొట్టిన చెయ్యి నాది. మీరెంత చెప్పినా నా చేతికి తెలుసుగా."

ఒర్మొన్ చుట్టూ చూశాడు. మనిషి గోడకి ఆనినప్పుడు ఏం దొరికితే అది పట్టుకుంటాడు. బల్లమీద రొట్టె పక్కన ఉప్పు గిన్నె ఉంది. దాన్ని లాక్కుని, గుప్పెడు ఉప్పు తీసి నోట్లో పోసుకున్నాడు. "చూడు," అన్నాడు నమలుతూ. "రుచి ఉన్నవాడు ఇలా తినగలడా? చూడు." ఉప్పురాళ్లు పళ్ల కింద పటపటమన్నాయి. నాలుకకి ఇసుకలా ఉంది. కానీ చిగుళ్ల మీద నాలుగు రోజులుగా ఒక పుండు ఉంది. ఉప్పు దానికి తగిలింది. గొంతులోకి దిగింది. రుచి పోయినంత మాత్రాన మంట పోదు కదా, ఆ తెలివి ముందు ఉండాల్సింది. ఆపుకోలేని దగ్గు వచ్చి, కళ్లనిండా నీళ్లు తిరిగి, బుగ్గల మీదకి కారిపోయాయి.

"ఆపండి ఆబా, ఆపండి," తిలెక్ తాడు పట్టుకుని ముందుకి వంగి అతని మణికట్టు పట్టుకున్నాడు. "మీ కళ్లే చెప్తున్నాయి. నా కోసం ఎందుకింత కష్టపెట్టుకుంటారు? నాకు ఇలా ఉండటం అలవాటైపోయింది. మీరు బాధపడితే చూడలేను."

ఒర్మొన్ ఉమ్మడానికి చోటు లేక మింగాడు. మళ్లీ చెప్పబోయాడు. చెప్పిన ప్రతి మాటా తనని ఇంకా ఇంకా మంచివాణ్ణి చేస్తోందని అర్థమై ఆగిపోయాడు. ఆరునెలల కిందట ఒక్క నిజం చెప్పడం చేతకాలేదు. ఇప్పుడు చెప్తుంటే అది దయలా వినపడుతోంది. కుర్రాడి నెత్తిమీద తను పెట్టిన చెయ్యి ఇక తియ్యడానికి రావడం లేదు. ఇంత నిస్సహాయంగా అతను జ్వరంలో కూడా లేడు.

"ఇప్పుడు నా సంగతి వినండి," అన్నాడు తిలెక్, పిల్లవాణ్ణి మరిపించే గొంతుతో. "అక్కకి చెప్పొద్దనుకున్నాం, చెల్లీ నేనూ. ఇప్పుడు చెప్పినా పర్లేదు, ఎలాగూ బయల్దేరిపోయుంటారు."

"ఎవరు?"

"మా అక్‌మూర్. జేర్దె మీద రేపు అదే కూర్చుంటోంది."

అక్‌మూర్ తిలెక్ చెల్లెలు. పదిహేనేళ్ల పిల్ల. ఒర్మొన్ దగ్గరే గుర్రం ఎక్కడం నేర్చుకుంది. ఇవాళ పొద్దున బడికని సంచీ భుజాన వేసుకుని వెళ్లడం బురుల్చా చూసింది, దారిలో జాగ్రత్త అని కూడా అంది.

"జేర్దె ఎక్కాల్సిన షర్షెన్ మేనల్లుడు బరువు ఎక్కువ. మా పిల్ల తేలిక, పట్టు గట్టిది. నేనే షర్షెన్‌కి కబురు పెట్టా. మొదట జంకాడు. మీ ఇంట్లో ఒకడు ఇలా అయ్యాక ఇంకొకర్ని ఎలా కూర్చోబెట్టేదీ అన్నాడు. నేనే ధైర్యం చెప్పా. గుర్రం పదునుకొచ్చిందని నిన్న ఒర్మొన్ ఆబా మీ ఎదుటే నాలుక వేసి చెప్పారుగా, ఇంక దేనికి భయం అన్నా. కొరడా మాత్రం ఇవ్వొద్దన్నా. కొరడా లేకుండా గెలుచుకొస్తుంది చూడండి. నేను మీకు పోగొట్టింది అది తెచ్చి మీ చేతిలో పెడుతుంది."

"ఎన్నింటికి? లారీ మధ్యాహ్నం కదా?"

"పందెం మైదానానికి పోయే కనుమ దారి ఇవాళ తొందరగా మూసేస్తారట, రాళ్లు తీసే పని. పెందలాడే మీ పెరట్లోకి వచ్చి గుర్రాన్ని ఎక్కించుకుపోతానన్నాడు. అదుగో."

కిటికీ బయట వంతెన మీద షర్షెన్ నీలం లారీ కనిపించింది. వెనక చెక్కల సందుల్లోంచి జేర్దె ఎర్రటి వీపు. డ్రైవరు పక్కన కిటికీలోంచి ఒక సన్నటి చెయ్యి బయటికొచ్చి, ఈ ఇంటివైపు ఊగింది. తిలెక్ తాడు వదిలేసి రెండు చేతులూ ఊపాడు, ఒక పక్కకి ఒరిగిపోయి కూడా ఊపుతూనే ఉన్నాడు.

ఒర్మొన్ చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే బయటికొచ్చాడు. బురుల్చా అప్పటికే రోడ్డు మధ్యలో ఉంది. ఆమె ఆ చెయ్యి చూసింది. ఆ చెయ్యి ఎవరిదో చెల్లెల్ని పెంచిన మనిషికి వేరే చెప్పక్కర్లేదు. ఫోను చెవి దగ్గర పెట్టుకుంది, తీసింది, మళ్లీ పెట్టుకుంది. వంతెన దాటి కనుమలోకి పోయాక ఎవరి ఫోనూ కలవదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా ఆమె ఇంకోసారి నొక్కింది.

"చెప్పావా?" అంది ఫోను దించి.

"చెప్పా."

"నమ్మాడా?"

ఒర్మొన్ తల అడ్డంగా ఊపాడు. తిలెక్ నమ్మలేదు. రేపు మైదానంలో నలుగురి ముందు అరిచి చెప్పినా, ముసలాయనకి కరా పోయినప్పట్నుంచీ గుండె బెదిరిందని జాలిపడి టీ ఇచ్చి కూర్చోబెడతారు. అతని మాటకి అంత విలువ. అతను అబద్ధం చెప్పినప్పుడు లోయంతా నమ్మింది కదా.

కనుమ దారి మూసేలోపు గుర్రమెక్కి పోతే అవతలి మైదానం తెల్లారేసరికి అందుకోవచ్చు. కానీ పోయి ఏం చెప్పాలో ముందు తెలియాలి. ఆ ప్రశ్న పొద్దున్నించీ అతని గొంతులోనే ఉంది. అడిగితే జవాబు వస్తుందని భయపడి అడగలేదు.

"బురుల్చా. ఉప్పునీళ్లు సరే. జేర్దె అసలు చెమట ఇవాళ నువ్వు చూశావా? నాలుక మీద వేసుకుని చూశావా?"

"చూశాను."

"ఎలా ఉంది?"

బురుల్చా రోడ్డు మీద ఇంకా అణగని దుమ్మువైపు చూసింది. ఆమె పెదవులు ఒకసారి కదిలాయి, చెక్క మీద పొద్దున తగిలిన రుచిని వెతుక్కుంటున్నట్టు. ఒర్మొన్ ఆమె నోటినే చూస్తూ నిలబడ్డాడు. నలభై ఏళ్లుగా జనం తన నోటిని చూసినట్టే చూశాడు.

"ఉప్పగా ఉంది," అంది.

"ఎంత ఉప్పగా? ఎక్కువా తక్కువా?"

"తెలీదు. నాలుగు నెలలు మీ దగ్గరున్నాను ఉస్తాద్. జిగురు చెమట, పలచ చెమట, నీళ్ల చెమట అని మాటలన్నీ కంఠతా వచ్చు. ఒక్కరోజైనా నాలుక మీద వేయించి, ఇదిగో ఇది ఇది అని చెప్పారా? చెప్పడానికి మీకే తెలీదు. దేంతో పోల్చుకోను?" ఆమె నోట మళ్లీ మీరు వచ్చేసిన సంగతి ఇద్దరూ గమనించలేదు. "దాని మీద మా అక్‌మూర్ కూర్చుంది. అది నీళ్లో విషమో ఈ లోయలో చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు ఒక్కరు కూడా లేరు."